పున్నమికి రేవు, అమావాస్యకు వీర్లగుడి
(అక్కిరాజు ఉమాకాంతం స్మారకోపన్యాస పాఠం)



ఉమాకాంతం గారి పేరు వినగానే సాహిత్యం చదివినవాళ్లకు ‘నేటికాలపు కవిత్వం’ గుర్తొస్తుంది. భావకవుల మీద ఆయన ఎంత కటువుగా రాశారో, దాని చుట్టూ ఎన్ని వాదాలు నడిచాయో గుర్తొస్తాయి. ఇవాళ నేను ఆ జోలికి పోను. ఆయన 1889లో ఈ పల్నాడులోనే, గుత్తికొండలో పుట్టారు. 1911లో, ఇంకా పాతికేళ్లు నిండని వయసులో, పల్నాటి వీరచరిత్రను పరిష్కరించి అచ్చు వేయించారు. అప్పటిదాకా తాటాకుల మీదా, దాన్ని పాడే వీరవిద్యావంతుల గొంతుల్లోనూ ఉన్న కథ చదువుకున్నవాళ్ల బల్లల మీదికి వచ్చింది. ఆ పనికి నేను మొక్కుతాను. అయితే ఆ పుస్తకం వెనక మరొకటుంది. ఒక ఏరు, ఏటి ఒడ్డున ఒక గుడి, గుడిలో కొన్ని నిలువురాళ్లు, ఏటా అయిదు రోజులు. పుస్తకం అచ్చు కాకపోయినా ఆ అయిదు రోజులు జరిగేవి. ఆ రోజులే జరగకపోయి ఉంటే పుస్తకం పండితుల చర్చకు తప్ప మరి దేనికీ మిగిలేది కాదేమో. రాతిని నిలబెట్టేది ఏమిటన్నదే నా ఇవాళ్టి విషయం. నా జవాబు ముందే చెప్పేస్తాను: ఫలానా రోజున ఫలానావాళ్లు ఫలానా వస్తువు పట్టుకుని రావాలన్న కట్టుబాటు ఎంతకాలం ఉంటే, రాయి అంతకాలం నిలుస్తుంది. ఆ కట్టుబాటు పోయిన రాయిని ఎంత పెద్ద శాఖ కాపలా కాసినా అది మ్యూజియం వస్తువే.

ఆ గుడి ఉన్న కారెంపూడి సంగతి ఈ సభలో చాలామందికి నాకంటే బాగా తెలుసు. తీరం వైపు నుంచి వచ్చిన మిత్రుల కోసం కొంచెం వివరంగా చెబుతాను. కార్తీక అమావాస్యతో మొదలయ్యే ఈ తిరునాళ్లలో ఒక్కో రోజుకూ ఒక్కో పేరు. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. పన్నెండో శతాబ్ది చివర నాగులేటి ఒడ్డున జరిగిన అన్నదమ్ముల యుద్ధాన్ని ఊరు ఊరంతా ఈ అయిదు రోజుల్లో మళ్లీ నడిపిస్తుంది. రాయబారం రోజున, రాయబారిగా వెళ్లి చర్లగుడిపాడు దగ్గర విషప్రయోగానికి బలైన అలరాజును తలుచుకుంటారు. కథా క్రమంలో ఎంతో ముందు జరిగే కోడిపందెం ఇక్కడ నాలుగో రోజున వస్తుంది. చరిత్ర పుస్తకం వరస వేరు, తిరునాళ్ల వరస వేరు. తిరునాళ్లలో దుఃఖానికి ఒక లెక్క ఉంది, దాని ప్రకారం రోజులు పేర్చుకున్నారు. కోడిపందెంలో మొదలైన కక్ష ఎక్కడికి పోయిందో చూపించాలంటే కల్లిపాడుకు ముందు రోజునే దాన్ని పెట్టాలి. మర్నాడు వీరులు నేలకొరుగుతారు.

ఇందులో నేను ముఖ్యంగా చూపించదలచింది కొణతాలను. వీరాచారవంతుల కుటుంబాలు తమ ఊళ్లలో భద్రంగా దాచుకున్న వీరుల ఆయుధాలవి. పల్నాడు నుంచే కాదు, ప్రకాశం నుంచి, కృష్ణా నుంచి, కృష్ణ అవతల తెలంగాణ ఊళ్ల నుంచి కూడా వాటిని పట్టుకొస్తారు. నాగులేటిలో గంగధారి మడుగు దగ్గర వాటికి స్నానం చేయిస్తారు. తర్వాత వీర్లగుడికి తీసుకెళ్తారు. గుడిలో అరవై ఆరుగురు వీరులకు గుర్తుగా రాళ్లున్నాయి. కొణతం పట్టుకొచ్చిన మనిషి ప్రేక్షకుడు కాడు. అతను రాకపోతే ఆ రోజున ఆ వీరుడు రానట్టే. తాత పట్టుకొచ్చాడు, తండ్రి పట్టుకొచ్చాడు, ఇప్పుడు తన వంతు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కుర్రాడైనా ఆ అమావాస్యకు సెలవు పెట్టుకుని వస్తాడు. ఎనిమిది వందల ఏళ్ల కింద పోయిన మనిషి తరఫున ఒకడు సెలవు చీటీ రాస్తున్నాడంటే, ఆ రాయికి అంతకంటే కాపలా ఇంకేం కావాలి?

మూడో రోజు చాపకూడు. బ్రహ్మనాయుడు అన్ని కులాలవాళ్లనూ ఒక్క చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడన్నది ఈ నేల చెప్పుకునే మాట. మాల కన్నమదాసును కొడుకులా పెంచి సేనకు పెద్దను చేశాడన్నదీ ఆ కథే చెబుతుంది. ఆ కాలపు సమాజం నిజంగా ఎంత మారిందో చరిత్రకారులు తేల్చాలి. ఏటా మందపోరు రోజున, మిగతా మూడు వందల అరవై రోజులూ వేర్వేరు వీధుల్లో ఉండే జనం పక్కపక్కన కూర్చుని తింటారన్నది మాత్రం కళ్లెదుట జరిగేది. ఉపన్యాసాలు ఇచ్చి సాధించలేనిది ఒక పూట భోజనం సాధించిందని నేను నమ్ముతాను. ఒక్క పూటేనా అని అడిగేవాళ్లు ఉంటారు. అడగాలి కూడా. ఆ ఒక్క పూట లేకపోతే, అలా కూర్చుని తినడం సాధ్యమేనని పిల్లలకు దేన్ని చూపించి చెబుతాం?

ఈ కథ పాడేవాళ్లను మరిచిపోకూడదు. ఓరుగల్లు వీధుల్లో పల్నాటి వీరుల కథ పాడుతున్న దృశ్యం క్రీడాభిరామంలోనే ఉంది. అంటే యుద్ధం జరిగిన రెండు మూడు వందల ఏళ్లకే ఈ పాట పల్నాడు దాటింది. 1970లలో జీన్ రోఘెయిర్ అనే అమెరికన్ పరిశోధకుడు ఇక్కడికి వచ్చి ఆలిశెట్టి గాలేయ్య గారు పాడిన కథను టేపుల మీద రికార్డు చేసుకున్నాడు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి పుస్తకంగా తెచ్చాడు. ఉమాకాంతం గారు తాళపత్రం నుంచి అచ్చుకు తెచ్చిన దారి ఒకటి, గాలేయ్య గారి గొంతు నుంచి టేపుకు వెళ్లిన దారి ఇంకొకటి. రెండు దారులూ బయలుదేరింది వీర్లగుడి నుంచే.

ఇంక ఈ నేల మీది పాత రాళ్ల సంగతి. మన ఊళ్లలో నిలువురాయి లేని ఊరు లేదు. నడి ఊళ్లో బొడ్డురాయి ఉంటుంది. పొలిమేరలో పోలేరమ్మ రాయి ఉంటుంది. చెరువు గట్టు మీద వీరగల్లో, పేరంటాలి రాయో ఉంటుంది. బొడ్డురాయి ప్రతిష్ఠ నాడు ఆడపిల్లలను పుట్టింటికి పిలుస్తారు, అల్లుళ్లకు బట్టలు పెడతారు. ఇల్లు విడిచి పట్నం పోయినవాళ్లు కూడా చందా రాయించుకుంటారు. ఇదంతా పాత ఆచారమని తేలిగ్గా తీసేస్తాం. ఎంత పాతదో తెలియాలంటే కృష్ణ ఒడ్డునే కాస్త పైకి వెళ్లాలి. తెలంగాణలో నారాయణపేట జిల్లా ముడుమాల దగ్గర పన్నెండు, పద్నాలుగు అడుగుల నిలువురాళ్లు పదుల సంఖ్యలో నిలబడి ఉన్నాయి. వాటి చుట్టూ వరసల్లో పేర్చిన చిన్న రాళ్లు వందలకు వందలు. మూడు వేల ఏళ్లకు పైబడినవని పరిశోధకులు అంటారు. ఒక రాతి మీద సప్తర్షి మండలాన్ని గుంటలుగా చెక్కారు. ఊరివాళ్లు ఆ చోటును నిలురాళ్ల తిమ్మప్ప అంటారు. అందులో ఒక రాయిని ఎల్లమ్మగా కొలుస్తారు. 2025 మార్చిలో ముడుమాల యునెస్కో తాత్కాలిక జాబితాలో చేరింది. మూడు వేల ఏళ్లుగా దాన్ని కాపాడింది ఎవరంటే ఎల్లమ్మ భక్తులేనని నేను చెబుతాను. దేవత ఉన్న రాతిని గునపం ముట్టదు. దేవత లేని రాళ్లు మన కళ్ల ముందే కంకరగా మారిపోయాయి.

మన పల్నాటి నేలలోనూ అటువంటి రాతి వలయాలూ, సమాధులూ ఉన్నాయి. నాగార్జునకొండ లోయలో తవ్వినప్పుడు బయటపడ్డాయి. ఆ లోయను 1926లో రంగస్వామి సరస్వతి గారు గుర్తించారు. తర్వాత లాంగ్‌హర్స్ట్ తవ్వాడు. ఆనకట్ట కడతారని తేలాక, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి బృందం నీళ్ల కంటే ముందు పరుగెత్తి పని చేసింది. అక్కడ దొరికిన వాటిలో నన్ను ఎప్పుడూ ఆపేసేవి ఇక్ష్వాకుల ఛాయాస్తంభాలు. పోయినవాళ్ల గుర్తుగా నిలబెట్టిన రాళ్లవి. వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో అతని తండ్రి చాంతమూలుడికి ఒక స్తంభం నిలబెట్టారు. దాని మీద రాజవంశపు స్త్రీల పేర్లు వరసగా ఉన్నాయి. రాజుకే కాదు, సేనాపతులకూ యుద్ధంలో పోయిన సైనికులకూ కూడా స్తంభాలున్నాయి. పదిహేడు వందల ఏళ్ల కింద ఒక మామూలు సైనికుడికి రాయి నిలిపిన నేల ఇది. కారెంపూడి వీర్లగుడి శూన్యంలోంచి పుట్టలేదు. ఈ నేలకు పోయినవాళ్లను రాయిగా నిలబెట్టే అలవాటు అప్పటికే వందల ఏళ్ల పాతది.

ఆ ఛాయాస్తంభాలు ఇప్పుడు జలాశయం మధ్య కొండ మీది మ్యూజియంలో ఉన్నాయి. 1966లో దాన్ని తెరిచారు. భద్రంగానే ఉన్నాయి. వాటిని నిలిపిన చోటు మాత్రం నీళ్ల కింద ఉంది. మరుసటి ఏడు, 1967 ఆగస్టులో, కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ గుంటూరు, ప్రకాశం మెట్టలకు వచ్చింది. ఇక్కడి పత్తీ మిరపా ఆ నీళ్లు తాగి పెరిగాయి. నేను ఆనకట్టను నిందించడం లేదు. ఆ నీళ్లు రాకముందు ఈ మెట్టల్లో బతుకు ఎలా ఉండేదో పెద్దవాళ్లు చెప్పగా విన్నాను. అయినా మన చేలు తడిపే నీళ్ల కింద మన పూర్వీకుల లోయ ఉందన్నది ఏడాదికి ఒక్క రోజైనా మన పిల్లలకు చెప్పాలి కదా! కాలువకు నీళ్లు వదిలే రోజున దండలు వేస్తాం, కొబ్బరికాయలు కొడతాం. ఛాయాస్తంభం దగ్గరికి ఎవరూ పువ్వు పట్టుకెళ్లరు. పట్టుకెళ్లాల్సినవాళ్లు ఎవరో తేల్చే కట్టుబాటు తెగిపోయింది.

ఇప్పుడు సముద్రం వైపు వెళ్దాం.

పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల తీరం, ఇప్పుడు చాలావరకు బాపట్ల జిల్లాలో ఉన్న తీరం, మన చరిత్ర పుస్తకాల్లో ఒక పక్కన ఇరుక్కుపోయింది. నిజానికి ఈ మెట్టకు తలుపులన్నీ అక్కడే ఉన్నాయి. శాతవాహన యజ్ఞశ్రీ కాలపు శాసనం చినగంజాంలో దొరికింది. ఆ వంశం వేయించిన సీసపు నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఉంది. కృష్ణ మీద ధరణికోట దగ్గర పడవలు ఆగే రేవుకట్టు 1960ల తవ్వకాల్లో బయటపడింది. నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం సింహళ భిక్షువుల గురించీ, రేవుపట్నమైన కంటకసెల గురించీ చెబుతుంది. చాలా తర్వాత, 1611లో, ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ ఓడ గ్లోబ్ నిజాంపట్నంలో ఆగి, తర్వాత బందరు వెళ్లింది. డచ్చివాళ్లు అంతకు ముందే వచ్చి కూర్చున్నారు. వీటన్నింటి మీద ఒక్కో ఉపన్యాసం ఇవ్వొచ్చు. నేను ఇవాళ ఒక్క రాయి దగ్గరే నిలబడతాను.

చినగంజాం మండలం మోటుపల్లిలో వీరభద్రస్వామి గుడి ఉంది. ఆ గుడిలో ఒక స్తంభం మీద కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరం 1166లో, అంటే క్రీస్తుశకం 1244లో, వేయించిన అభయశాసనం ఉంది. రాజుల శాసనాలు చాలావరకు ఎవరికి ఎంత భూమి ఇచ్చారో చెబుతాయి. ఈ శాసనం తుఫానులో చిక్కిన పరాయి ఓడ గురించి చెబుతుంది. పూర్వపు రాజులు గాలివానకు కొట్టుకొచ్చి ఒడ్డున పడ్డ ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవాళ్లనీ, ప్రాణం కంటే ధనం ఎక్కువనుకుని సముద్రానికి తెగించి వచ్చే వర్తకుల మీద జాలితో తాము సుంకం తప్ప మరేమీ తీసుకోబోమనీ రాజు మాట ఇచ్చాడు. ఆ సుంకం ముప్పయ్యో వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, వక్కలు, ఒక్కోదానికీ రేటు చెక్కించాడు.

ఆ స్తంభం ముందు నిలబడితే నాకు రెండు విషయాలు తడతాయి. ఒకటి తుఫాను. 1977 నవంబరు, 1990 మే, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్. మన వరి, పొగాకు, మిరప తోటలను నేలకు పరిచేది ఆ సముద్రమే. ఆ శాసనం భయపడింది ఆ గాలికే. తుఫానులో దెబ్బతిన్నవాణ్ని దోచుకోకూడదన్న మాటను రాజ్యం ఒక చట్టంగా రాతి మీద రాసి, రేవులో నిలబెట్టింది. ప్రపంచంలో చాలాచోట్ల ఒడ్డుకు కొట్టుకొచ్చిన సరుకు ఒడ్డువాడిదేనన్న రివాజు నడిచిన రోజుల్లో మన రేవులో ఈ మాట పుట్టింది. తుఫాను పరిహారం కోసం దరఖాస్తు చేసుకునే ఏ రైతైనా, ఏ మత్స్యకారుడైనా వెళ్లి చూసి గర్వపడదగిన రాయి అది. 1358లో కొండవీటి అనవోతారెడ్డి కూడా అదే మోటుపల్లిలో వర్తకులకు హామీ శాసనం వేయించాడు. రేవు ఒక రాజవంశాన్ని దాటి తన మాట నిలబెట్టుకుంది.

రెండోది మిరియం. ఆ పట్టికలో మిరియాలున్నాయి, మిరపకాయ లేదు. ఉండే అవకాశమే లేదు. మిరప అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు ఓడల్లో పదహారో శతాబ్దిలో మన దేశానికి వచ్చిన పంట. బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడు తిన్న చాపకూడులో కారం అంటే మిరియాల ఘాటే. ఇవాళ గుంటూరు యార్డులో టిక్కీలు పేర్చిన ఎర్రని కొండలు చూస్తే అది ఈ నేల పుట్టుపంట అనిపిస్తుంది. కాదు, అది సముద్రం ఇచ్చింది. పత్తి మాత్రం మనదే. మోటుపల్లిని ముత్ఫిలి అని పిలిచిన మార్కోపోలో, ఆ రాజ్యాన్ని ఒక రాణి చల్లగా ఏలుతోందనీ, అక్కడ నేసే బట్ట సాలెగూడంత సన్నగా ఉంటుందనీ రాశాడు. తర్వాతి శతాబ్దాల్లో చీరాల నుంచి తేలియా రుమాళ్లు అరబ్బు దేశాలకూ తూర్పు ఆఫ్రికాకూ వెళ్లాయి. పత్తి సముద్రానికి ఇచ్చాం, మిరప సముద్రం నుంచి తెచ్చుకున్నాం. ఈ మెట్ట రైతుకు సముద్రం పరాయిది కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

మోటుపల్లి స్తంభానికి వస్తాను. దాన్ని హుల్‌ష్ ఎపిగ్రాఫియా ఇండికాలో అచ్చు వేసి వందేళ్లు దాటింది. పరిశోధకులకు అది కరతలామలకం. ఊరి పిల్లల్లో ఎంతమందికి తెలుసు? గుడికి వచ్చేవాళ్లు వీరభద్రుడికి దండం పెడతారు, స్తంభం పక్కనుంచి నడిచి పోతారు. కారెంపూడి రాళ్లకు ఉన్నదీ, దీనికి లేనిదీ ఒక్కటే. రావలసిన రోజు, తేవలసిన వస్తువు.

ఈ మధ్య తీరంలో ఉత్సవాల మోజు పెరిగింది. శని, ఆదివారాలు చూసుకుని ఇసుక మీద వేదిక వేస్తారు, పాటగాళ్లను పట్నం నుంచి తెస్తారు, బాణసంచా కాలుస్తారు. జనం వస్తారు, సంతోషిస్తారు, దాన్ని నేను తప్పుపట్టను. ఒక చోట మాత్రం వేదిక కోసం పడవలను పక్కకు లాగెయ్యమన్నారు. ఆ రెండు రోజులూ వేట పోయినవాళ్లకు పరిహారం లేదు, వేదిక మీద కుర్చీ లేదు, మైకు లేదు. సముద్రం పేరుతో జరిగిన పండగలో సముద్రం మీద బతికేవాళ్లు అడ్డంగా ఉన్న సామాను అయ్యారు. మర్నాడు ప్లాస్టిక్ గ్లాసులు ఏరింది కూడా వాళ్ల పిల్లలే. అటువంటి పండగ పదేళ్లు జరిగినా ఒక్క రాతినీ కాపాడదు. ఎందుకంటే అందులో ఎవరికీ పని లేదు, చూడ్డం తప్ప.

జనం ఎక్కువైతే రాయి ఏమవుతుందో చూడాలంటే ఫ్రాన్సు దాకా వెళ్లాలి. అక్కడ బ్రిటనీ తీరాన కార్నాక్ అనే ఊరుంది. సముద్రానికి దగ్గర్లో మూడు వేల పైచిలుకు నిలువురాళ్లు బారులు తీరి ఉంటాయి. ముడుమాల తాత్కాలిక జాబితాలో చేరిన 2025లోనే, జూలైలో, ఆ తీరపు రాళ్లు ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కాయి. జనం తొక్కిడికి నేల అరిగిపోతోందని అక్కడ చాలా ఏళ్లుగా రాళ్ల మధ్యకు విడిగా వెళ్లనివ్వకుండా కంచె వేశారు, ఏడాదిలో కొన్ని నెలలు తెలిసినవాళ్ల వెంటనే పంపుతారు. ఇది మనకు పాఠమే. పండగ చేస్తే జనం వస్తారు, జనం వస్తే రాయి అరుగుతుంది. కట్టుబాటు లేని జనం వస్తే ఇంకా తొందరగా అరుగుతుంది. మన గుళ్లలో శాసనాల మీద భక్తి కొద్దీ ఆయిల్ పెయింటు పూస్తారు, సున్నం కొడతారు, అక్షరాలు పూడిపోతాయి. అది చేసేవాళ్ల మనసులో చెడు లేదు. ఆ గీతలు అక్షరాలని ఎవరూ వాళ్లకు చదివి వినిపించలేదు.

నా ప్రతిపాదన ఇది. కార్తీక పున్నమినాడు సూర్యలంకకు, ఓడరేవుకు వేలమంది సముద్ర స్నానానికి వెళ్తారు. పదిహేను రోజులు గడిస్తే కార్తీక అమావాస్య, కారెంపూడిలో రాచగావు. పంచాంగం ఎప్పుడో ఈ రెండింటినీ ఒకే నెలలో పెట్టింది. పున్నమికి రేవు, అమావాస్యకు వీర్లగుడి. ఈ పదిహేను రోజుల మధ్య వచ్చే ఒక శని, ఆదివారాలు మోటుపల్లికి కేటాయిద్దాం. కారెంపూడి ఆచారంలో ఎవరూ వేలు పెట్టకూడదు. అది వాళ్లది, దాన్ని టూరిజం కార్యక్రమంగా మార్చే హక్కు మనకు లేదు. మోటుపల్లిలో మాత్రం తెగిపోయిన కట్టుబాటును కొత్తగా అల్లుకోవచ్చు.

శనివారం పొద్దున ఆ స్తంభం మీది మాటను నేటి తెలుగులో గట్టిగా చదవాలి. చదివేది మంత్రి గారు కాదు, చినగంజాం బడిలో చదివే ఒక మత్స్యకారుల పిల్ల. చదివాక అదే పాఠం పలక మీద చెక్కించి గుడి బయట నిలబెట్టాలి. ఆ పని దుర్గి శిల్పులది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలకు వాడిన పల్నాటి సున్నపురాయినే దుర్గిలో ఇవాళ్టికీ చెక్కుతున్నారు. ఉలి చప్పుడు రేవులో వినపడాలి. శాసనాన్ని కాగితం మీదికి అచ్చు తీయడం పిల్లలకు చూపించాలి. రాతిని తడి బట్టతో శుభ్రం చేసి, తడిపిన కాగితం పరిచి, బ్రష్షుతో మెల్లగా కొట్టి అక్షరాల పల్లాల్లోకి దించి, ఆరుతుండగా పైన సిరా అద్దితే అక్షరం తెల్లగా మిగులుతుంది. పురావస్తు శాఖవాళ్లు దగ్గరుండి, అసలు స్తంభం మీద కాకుండా దుర్గిలో చెక్కిన నకలు మీద నేర్పవచ్చు. తాను అచ్చు తీసిన శాసనం మీద పెయింటు పూయనిస్తాడా ఏ పిల్లవాడైనా?

చినగంజాం ఉప్పు కొఠార్లవాళ్లు ఆ రోజున ఉప్పు తేవాలి. వేటపాలెం, చీరాల మగ్గాలవాళ్లు ఒక బట్ట తేవాలి, మార్కోపోలో చెప్పినంత సన్నగా ఇవాళ ఎవరు నేయగలరో చూద్దాం. వేటపాలెంలో 1918 నుంచి ఉన్న సారస్వత నికేతనం పాత పత్రికల్లోని రేవు వార్తలు ఏరి పెట్టగలదు. మెట్ట రైతు తన చేలో మొదటి తీత పత్తి ఒక చేత్తో, మిరియాల పొట్లం ఇంకో చేత్తో తేవాలి. మిరియం ఎందుకో పిల్లలు అడుగుతారు, అప్పుడు మిరప కథ చెప్పాలి. దేవరంపాడులో ఉప్పు సత్యాగ్రహ స్తూపం ఉంది. అదీ నిలువురాయే. మన తాతల కాలంలో నిలిపినది. ఆదివారం అక్కడికి నడిచి వెళ్లినవాళ్లకు సముద్రపు ఉప్పు మీద ఒకప్పుడు సుంకం ఎవరు వేశారో, దాన్ని ఎవరు ధిక్కరించారో తెలుస్తుంది. ముప్పయ్యో వంతు సుంకం చెక్కిన రాయి నుంచి అన్యాయపు సుంకాన్ని ఎదిరించిన రాయి దాకా, ఒకే తీరం మీద.

పడవలవాళ్ల మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఆ రెండు రోజులూ వేట మానమని అడిగే హక్కు మనకు లేదు. మానితే కూలి ముందే లెక్కగట్టి ఇవ్వాలి. మానకపోతే వాళ్లు తెచ్చిన చేపే ఆ మధ్యాహ్నం కూర కావాలి. భోజనం చాప మీదే. కారెంపూడి నుంచి ఆ ఒక్కటీ అడిగి తెచ్చుకుందాం, మందపోరు పెద్దల అనుమతితో. ఉప్పు కొఠార్లవాళ్లు తెచ్చినదాంట్లో ఒక మూట తీసి పెట్టి, అమావాస్య తర్వాత వచ్చే మందపోరు నాటి కారెంపూడి చాపకూడు వంటకు పంపుదాం. వాళ్లు పుచ్చుకుంటారో లేదో వాళ్ల ఇష్టం. పుచ్చుకుంటే మాత్రం, తీరంవాళ్లకు కూడా ఏటా వీర్లగుడికి తేవలసిన వస్తువు ఒకటి ఏర్పడుతుంది.

దీనికి ప్రభుత్వ నిధులు అవసరమా అని అధ్యక్షుల వారు ముందుగా నన్ను అడిగారు. మొదటి ఏడు అవసరం లేదు. కావలసింది దుర్గిలో ఒక పలక, చినగంజాంలో ఒక బడి మాస్టారు, నాలుగు చాపలు, గుడి పెద్దల ఒప్పుదల. మూడో ఏడు వచ్చేసరికి, ఏ కుటుంబం ఏం తేవాలో ఊరు తేల్చుకుని ఉంటే, ప్రభుత్వాన్ని పిలవచ్చు. అప్పుడు వేదిక ఎక్కడ వేయాలో ఊరే చెబుతుంది, పడవలను ఎవరూ జరపమనరు. ఆ పెద్దలతో మాట్లాడ్డానికి ఈ సభ ముగిశాక కొందరం కూర్చుంటున్నాం. తీరం వైపు మిత్రులు, దుర్గి శిల్పులు తప్పక ఆగండి. వచ్చే కార్తీకానికి తేదీ ఇవాళే వేసుకుందాం. మెట్ట నుంచి వచ్చేవాళ్లకు చీరాల దాకా బస్సులున్నాయి, రైల్లో వచ్చేవాళ్లు చినగంజాంలో దిగవచ్చు.